బేకార్ నరం

మా అవ్వకు చెవులు ఆడించడం వచ్చు. మా కరీంనగర్ వైపు అవ్వ అంటే అమ్మ. చెయ్యి పెట్టకుండా, తల కదపకుండా రెండు చెవులనూ ముందుకూ వెనక్కూ ఆడిస్తుంది. చిన్నప్పుడు నేను అలిగి మూలకు కూర్చుంటే నవ్వించడానికి ఆమె దగ్గరున్న మందు అదొక్కటే. తర్వాత చాలా ఏళ్లు ఆ విద్యకు గిరాకీ లేదు. కరోనా వచ్చి అందరి మూతులకూ మాస్కులు పడ్డాక మళ్లీ వచ్చింది. సూరత్ నవాగామ్‌లో మా గల్లీ వాళ్లంతా నీళ్ల ట్యాంకర్ దగ్గర వరుసలో నిలబడితే, అవ్వ ముఖం మీది మాస్కు దానంతట అదే పైకీ కిందికీ జరిగేది. ఆ పాడుకాలంలో కూడా వరుసలో వాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు.

చెవిని కదిలించే ఆ కండ మనిషికి ఇప్పుడు ఎందుకూ పనికిరాదట. మనిషి ఇంకా మనిషి కాకముందు దానితో అవసరం ఉండేదట, అవసరం తీరాక ఊరికే మిగిలిపోయిందట. అలాంటివి ఒంట్లో ఇంకా ఉన్నాయని నాకు ఒక డాక్టరమ్మ చెప్పింది. మొదటిసారి ఆమె ఆ సంగతి చెప్పబోతుంటే నేను సగం మాట విని, కోపంతో లేచి వచ్చేశాను. నాకు కోపం వస్తే చెవులు వినపడవు, వాటిని ఆడించడం సంగతి దేవుడెరుగు. ఆ కోపం వల్ల నా బతుకుదెరువు పోయేదే. పోకుండా ఎలా నిలబడిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పని వైపని. మగ్గం మీద పడుగు అయిపోవస్తుంటే, కొత్త పడుగు చుట్టిన బీము తెచ్చి వెనక పెడతారు. పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటిగా కలపాలి. అదే వైపని. నాలుగు వేల పోగులుంటే నాలుగు వేల ముళ్లు. ఒక్కటి తప్పినా గుడ్డ పొడుగునా గీత పడుతుంది. పెద్ద కార్ఖానాల్లో ఈ పనికి మిషన్లు వచ్చాయి. మా సేటు లాంటి చిన్న షెడ్ల వాళ్లకు ఇంకా మా వేళ్లే మిషన్లు. ఎడమ చేత్తో రెండు పోగులు ఏరి పట్టుకోవాలి. కుడి బొటనవేలి కొస వంచి, చూపుడు వేలి మీద ఒక్క మెలి తిప్పాలి. పాలిస్టర్ పోగు వెంట్రుకకన్నా సన్నం, పైగా జారుడు. ముడి పడిందో లేదో కంటికి తెలియదు, బొటనవేలి కొసకు తెలుస్తుంది. పదహారేళ్ల వయసులో మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు చేశాను. నా ముడి జారిందని ఏ సేటూ నన్ను ఒక మాట అనలేదు.

ఈ పని నాకు నేర్పింది మా మేనమామ, బాపు కాదు. బాపు అంటే నాన్న. బాపు ఊళ్లో చేతిమగ్గం మీద మంచి పనిమంతుడట. ఊరి మగ్గాలు మూతపడితే అందరితో పాటు సూరత్ వచ్చాడు కానీ, ఇక్కడి కరెంటు మగ్గాల చప్పుడుకు తలనొప్పి అని రెండో నెలలోనే మానేశాడు. ఆ తర్వాత ఆయన మంచం మీద, ఆయన చేతిలో పేకముక్కలు. అవ్వ ఊళ్లో ఉన్నన్నాళ్లు బీడీలు చేసింది. ఇక్కడికి వచ్చాక చీరల దారాలు కత్తిరించింది, బాబిన్లు చుట్టింది. "పడుగు ఇడిసిపెట్టి పేక పట్టిండు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. మా ఇంట్లో బాపుకు అసలు పేరు లేదు, 'బేకార్ మనిషి' అంటే ఆయనే. హిందీలో ఆ మాటకు రెండర్థాలు, పని లేనివాడు, పనికి రానివాడు. అవ్వ రెండూ కలిపే అనేది. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు బాపు పోయాడు. ఆ మంచం మీద ఇంకో బేకార్ మనిషి కూర్చోకూడదని నేను అప్పుడే గట్టిగా అనుకున్నాను. జ్వరం వచ్చినా పనికి పోయేవాణ్ని. నా పెళ్లికి కూడా రెండే రోజులు సెలవు పెట్టానని నా భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటి నన్ను తెచ్చి లాక్‌డౌన్ ఆ మంచం మీదే కూర్చోబెట్టింది. మగ్గాలన్నీ ఒక్కరోజే ఆగిపోయాయి. చప్పుడు లేకపోతే నిద్ర పట్టని ఊరు మాది. గల్లీలో సగం మంది రైళ్ల కోసం పేర్లు రాయించుకుని ఊళ్లకు పోయారు. మేము పోలేదు, పోయి చేసేదేముంది. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు ఆ రోజుల్లోనే నా చెయ్యి తెగింది. నూనె డబ్బా మూత రాకపోతే కత్తి పెట్టి ఎత్తాను. కత్తి జారి కుడి బొటనవేలి మొదట్లో, అరచేతి వైపు లోతుగా దిగింది. పెద్ద దవాఖానకు పోదామంటే దారి పొడుగునా పోలీసులు, దవాఖాన నిండా కరోనా. గల్లీ చివరి డాక్టరు బట్టతో ముఖం కట్టుకుని, దూరంగా నిలబడినట్టే నిలబడి నాలుగు కుట్లు వేశాడు. తోలు అతుక్కుంది. కుట్లు విప్పినరోజు బొటనవేలు వంచి చూస్తే కింది కణుపు వంగింది, పై కణుపు వంగలేదు. కొస కర్రముక్కలా నిటారుగా నిలబడి ఉంది. నాలుగు రోజులైతే అదే వస్తుందనుకున్నాను. నాలుగు నెలలైనా రాలేదు.

దీపావళి దాటాక మగ్గాలు ఒక్కొక్కటీ మొదలయ్యాయి. సేటు కబురు పంపితే స్నానం చేసి, దేవుడికి దండం పెట్టి షెడ్డుకు పోయాను. బీము ముందు కూర్చుని రెండు పోగులు పట్టి మెలి తిప్పబోతే కొస వంగదు. చూపుడు వేలూ మధ్య వేలూ కలిపి చూశాను. బొటనవేలి మధ్య కణుపుతో చూశాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నలభై ముళ్లు వేశాను, లాగితే అందులో ముప్పై జారాయి. సేటు మంచివాడు, వెనక నిలబడి చూసి కూడా తిట్టలేదు. "అభీ ఆరామ్ కరో" అన్నాడు, ఇప్పటికి విశ్రాంతి తీసుకో అని. తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాను. అవ్వ నావైపు చూసి, ఏదో అనబోయి ఊరుకుంది. ఆమె ఏ మాట మింగిందో నాకు తెలుసు.

మర్నాడు నా భార్య నన్ను పెద్ద సర్కారు దవాఖానకు తోలుకుపోయింది. కరోనా కాని రోగులను చూడటం అప్పుడప్పుడే మళ్లీ మొదలుపెట్టారు. చేతుల ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ గుజరాతీ ఆమె, వయసులో నాకన్నా చిన్న. ముఖం మీద మాస్కు, దాని మీద ప్లాస్టిక్ తొడుగు. మాట సగమే వినపడుతోంది. నా కుడి బొటనవేలు చూసి, లోపల వేలిని లాగే నరం తెగిపోయిందని, తెగి చాలా రోజులైంది గనుక రెండు కొసలూ ముడుచుకుపోయి ఇక కలవవని చెప్పింది. తర్వాత బొటనవేలూ చిటికెన వేలూ కలిపి, మణికట్టు లోపలికి వంచమంది. కుడి చేత్తో వంచాను. మణికట్టు మీద వేలు పెట్టి వెతికి, "యహా తో హై హీ నహీ" అని తల ఊపింది. ఇక్కడ లేనే లేదట. ఎడమ చేత్తో వంచమంది. వంచగానే మణికట్టు నడుమ ఒక నరం బిగదీసిన పోగులా పైకి లేచింది. డాక్టరమ్మ కళ్లు నవ్వాయి. దాన్ని వేలితో మీటి, పక్కనున్న చిన్న డాక్టర్లతో అన్నది:

"దేఖో. బిల్కుల్ బేకార్."

నా వైపు తిరిగి, "ఇస్‌కో నికాల్ దేంగే, భాయ్" అన్నది.

కుడి చెయ్యి ఎలాగూ పోయింది. ఇప్పుడు మంచి చెయ్యి పట్టుకుని, నవ్వుకుంటూ, బిల్కుల్ బేకార్ అంటోంది, తీసిపారేస్తానంటోంది. నాకు ఆ గదిలో ఇంకేమీ వినపడలేదు. లేచి నిలబడి, "నేను బేకార్ కాదు మేడం. ఇరవై రెండేళ్ల నుంచి పని చేస్తున్న" అని, హిందీలో మొదలుపెట్టి తెలుగులో ముగించి బయటికి నడిచాను. నా భార్య వెంటనే రాలేదు. నేను గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాక వచ్చింది.

"నువ్వు సగం మాటకే లేచొచ్చినవ్. మిగిలిన సగం నేను విన్న" అన్నది.

"నాకేం చెప్పకు" అన్నాను.

ఇంటికొచ్చి అవ్వకు నా సగం చెప్పాను. ఎడమ చేతి నరం తీసేస్తారట అని. నరం అన్న మాటే మా కొంప ముంచింది. హిందీలో నస్ అన్నా, మన దగ్గర నరం అన్నా, రక్తం పారేదీ అదే, నొప్పి తెలిపేదీ అదే, వేలిని లాగేదీ అదే. పుస్తకాల్లో మూడింటికీ మూడు పేర్లుంటాయట. మా ఇంట్లో ఒకటే పేరు. అవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఎడమ చేతి నరం సీదా గుండెకే పోతది కొడుకా. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడె అన్నట్టు గిదేం వైద్యం? ఒక్క చెయ్యి పోయింది సాలదా? వద్దు."

"గుండెకు పోదత్తా" అన్నది నా భార్య. "అది రక్తం నరం కాదు, ఒట్టి తాడు. కోతులు చెట్లెక్కెటప్పుడు కావల్సిన తాడట. మనం చెట్లు ఎక్కుడు బంజేసినం గదా, దానికి ఇప్పుడు పనేం లేదు. డాక్టరమ్మ బేకార్ అన్నది దాన్ని, నీ కొడుకును గాదు. దాన్ని తీసి కుడి బొటనవేల్ల తెగిన జాగల అతుకుతరట."

"కోతులేంది, తాళ్లేంది" అన్నది అవ్వ. "నా కొడుకు కోతా?"

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. నా భార్య చెప్పింది నిజమే కావచ్చని నాకు ఆ క్షణంలోనే అనిపించింది. కానీ అంతమంది ముందు అరిచి వచ్చాను కదా, ఏ ముఖం పెట్టుకుని మళ్లీ పోవాలి? పైకి నరం తీస్తే చెయ్యి చచ్చుబడుతుందని అన్నాను. లోపల ఉన్నది సిగ్గు. అలా రెండు నెలలు గడిపాను. నా భార్య ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికిస్తుంటే పక్కన మంచం మీద నేను. ఒకరోజు గల్లీలో ఎవరో పేకాటకు నాలుగో మనిషి కావాలని పిలిచారు. చెప్పులేసుకుని గుమ్మం దాకా పోయి, వెనక్కి వచ్చి చెప్పులు విడిచాను. నా భార్య అది చూసింది. ఆ మర్నాటి నుంచే తన పని మొదలుపెట్టింది.

ఆమె ఆయుధం నీళ్ల ట్యాంకర్. దూరం దూరంగా సున్నంతో గీసిన గుండ్రాల్లో జనం నిలబడి ఉంటే, తన గుండ్రంలో నుంచే అందరికీ చూపించింది. "జర బొటనేలు చిటికెనేలు కలుపుండ్రి. గిట్ల. మణికట్టు వంచుండ్రి. నడుమ తాడు లేచిందా?" జనానికి వేరే పని లేదు, అందరూ వంచారు. చాలామందికి లేచింది. కొందరికి ఒక చేతికే లేచింది. మా పక్కింటాయనకు మాత్రం ఏ చేతికీ లేవలేదు. నిజామాబాద్ వైపు మనిషి, బట్టల మార్కెట్లో మూటలు మోసేవాడు. ఇద్దరు ఎత్తే మూటను ఒక్కడే వీపు మీద వేసుకునేవాడు.

"నాకు రెండు చేతులకూ లేదు గద చెల్లె" అన్నాడాయన, చేతులు తిప్పి తిప్పి చూసుకుంటూ. "గిన్నేండ్ల సంది లేకుంటనే మోస్తున్ననా?"

"మోస్తున్నవ్ గద అన్నా. గదే చెప్తున్న నేను" అని నా భార్య నావైపు చూసింది. నేను బిందె వైపు చూశాను.

అవ్వ దానికి కూడా లొంగలేదు. "వానిది మొండి శరీరం. వానికి మెడకాయ లేకున్నా మోస్తడు" అన్నది. అప్పుడు నా భార్య అవ్వ ముందు కూర్చుని, ఆమె రెండు చేతులూ తన ఒళ్లోకి తీసుకుంది. వేళ్లు కలిపి, మణికట్టు వంచి, ముందు కుడి, తర్వాత ఎడమ చూసింది. మళ్లీ చూసింది. అవ్వ వేలినే తీసుకుపోయి అవ్వ మణికట్టు మీద పెట్టింది. అక్కడ ఏమీ లేదు. మెత్తగా, చదునుగా ఉంది. రెండో చేతికీ అంతే.

అవ్వ రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. ఊళ్లో ఆమె చేసినన్ని బీడీలు మా వాడలో ఎవరూ చేయలేదు. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం, అంతా ఆ చేతులతోనే. సూరత్‌లో ఆమె చుట్టిన బాబిన్లకు లెక్కే లేదు.

"నాకు లేనే లేదా పిల్లా?" అన్నది చివరికి.

"లేదత్తా. పుట్టుకతోనే లేదు."

"మరి గింత చాకిరి ఎట్ల జేసిన?"

ఆమెకు జవాబు దొరికిందని నాకు తెలుస్తూనే ఉంది. నా రెండు చేతులూ లాక్కుని తనే వంచి చూసింది. "కుడిచెయ్యి నా లెక్క" అన్నది. ఎడమది వంచితే నరం లేచింది. దాని మీద వేలు పెట్టింది. "గిది మీ బాపుది. పేకముక్కలు పంచుతుంటే ఆయనకు గిట్లనే లేచేది. కోపంతోని దాన్నే చూస్తుండేదాన్ని. మనిషి బేకార్, చేతి నరం జూస్తే సిపాయి లెక్క అనుకునేదాన్ని." నా చెయ్యి వదిలేసి కొంగు సర్దుకుంది. "పో కొడుకా. తీయించుకో. పనికిరానిదాన్ని దాసుకొని ఏం జేస్తవ్."

మళ్లీ పోవడానికి నాకు కరోనా కన్నా ఎక్కువ భయమేసింది. డాక్టరమ్మ గుర్తుపట్టింది. "ఆప్ భాగ్ గయే థే నా?" అన్నది. పారిపోయింది మీరే కదా అని. అవునన్నాను. తప్పయిందని చెప్పాను. ఇరవై రెండేళ్లుగా నాకు చేతకానిది ఏదైనా ఉందంటే ఈ మాట అనడమే. ఆమె కోప్పడలేదు, ఈసారి ప్లాస్టిక్ తొడుగు పైకెత్తి అంతా మెల్లగా చెప్పింది. మనిషి ఒంట్లో పని మానేసిన భాగాలు చాలా ఉన్నాయట. తోక పోయినా తోక మొదలు ఎముక వెన్ను చివర ఉందట. చెవి కదిలించే కండ ఉంది కానీ చాలామందికి అది పని చేయడం మరిచిపోయిందట. మా అవ్వకు మరిచిపోలేదని, మాస్కు ఆడిస్తుందని చెప్పాను. డాక్టరమ్మ గట్టిగా నవ్వింది. అవ్వను ఒకసారి తీసుకురమ్మంది. ఇక మణికట్టు నరం. అది పని మానేసింది గనుకే మాకు పనికొస్తుంది, పని చేసే నరాన్ని తీస్తే ఆ వేలు పోతుంది కదా అన్నది. ఆ మాట నాకు చప్పున ఎక్కింది. షెడ్డులో పోగు తెగితే మేమూ నడుస్తున్న పడుగులో నుంచి పోగు లాగం. పక్కన పడేసిన పాత పోగుముక్క తెచ్చి అతుకుతాం. "మేమూ అంతే చేస్తం మేడం" అన్నాను.

"అయితే మనిద్దరిదీ ఒకటే పని" అన్నది.

ఒకటి మాత్రం ముందే చెప్పింది. అతుకు వేయడం తన పని, సగం పని. కొత్త నరం చుట్టూ ఉన్న కండకు అంటుకుపోకుండా రోజూ కదిలించడం నా పని, అది మిగిలిన సగం. నేను బద్ధకిస్తే ఆపరేషన్ చేసినా చేయనట్టే. సగం వినే అలవాటు ఆ రోజుతో మానుకున్నాను.

చలి తగ్గుతుండగా ఆపరేషన్ అయింది. రెండు చేతులకూ కట్లతో ఇంటికి వచ్చాను. భార్య అన్నం తినిపించేది, అవ్వ నీళ్లు తాగించేది. మాస్కు ముక్కు మీది నుంచి జారితే పైకి లాక్కోవడానికి నాకు చెయ్యి లేదు. "చెవులు ఆడించు కొడుకా, అదే లేస్తది" అని అవ్వ. ఎంత ప్రయత్నించినా నా కనుబొమలు ఎగిరాయి తప్ప చెవులు కదల్లేదు. "అది నా పోలిక రాలే" అన్నది. ఎడమ చేతి కట్టు ముందు విప్పారు. గీత లాంటి మచ్చలు రెండు, అంతే. పిడికిలి బిగించాను. బిందె ఎత్తాను. ఎడమ చేతికి ఏమీ కాలేదు. గుండెకూ ఏమీ కాలేదు.

కుడి చేతికి వ్యాయామం మొదలుపెట్టిన రెండో వారానికి కరోనా రెండోసారి విరుచుకుపడింది. దవాఖానలో వ్యాయామం చేయించే గదిలోనే మంచాలు వేశారు. "ఇక రావద్దు, ఇంట్లోనే చెయ్యి" అని ఫోన్ చేసి చెప్పారు. ఇంట్లోనే చేశాను. కింది కణుపును ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని పై కణుపు ఒక్కటే వంచాలి. పొద్దున ఛాయ్ కాకముందు, అన్నానికి ముందు, దీపం పెట్టే వేళకు. బయట అంబులెన్సులు పోతూనే ఉన్నాయి. ఆ వేసవిలో మా గల్లీలో ముగ్గురు పోయారు. పక్కింటి మూటల ఆయన అందులో ఒకడు. అంత బరువు మోసిన మనిషిని ఎవరూ మోయడానికి లేకుండా, ప్లాస్టిక్‌లో చుట్టి బండిలో తీసుకుపోయారు. ఆ రోజు చాలా ఏడ్చాను. సాయంత్రం కూర్చుని మళ్లీ వేలు వంచాను. ఏడ్చుకుంటూ వంచినా వంచినట్టే.

వారాలు గడిచినా కొస కదల్లేదు. డాక్టరమ్మ చెప్పినట్టు అంటుకుపోయిందేమోనని భయం. నా భార్య కిటికీ ఊచలకు రెండు వరుసల పాలిస్టర్ పోగులు కట్టింది, పాత బీము కొసలు ఒకవైపు, కొత్తవి ఒకవైపు ఉన్నట్టు. "వేలు వంచుతున్న అనుకోకు, ముడి ఏస్తున్న అనుకో" అన్నది. వేలికి నేను చెబితే వినలేదు కానీ పోగు చెబితే విన్నది. ఐదో రోజు మెలి తిప్పబోతుంటే కొస గోరంత వంగింది. నేను ఎవరికీ చెప్పలేదు. ఇంకోసారి చేశాను, మళ్లీ వంగింది. అప్పుడు చెప్పాను. అవ్వ వచ్చి కూర్చుంది, ఇక రోజూ నా ఎదురుగా కూర్చుని ముళ్లు లాగి చూసేది. జారిన ముడి తీసి నా ఒళ్లో పడేసేది. ఒక్కటి జారినా ఊరుకోలేదు. వానలు పడేనాటికి కిటికీకి కట్టిన పోగులు వందసార్లు మార్చి ఉంటాం.

వానాకాలంలోనే షెడ్డుకు పోయాను. సేటుకు నమ్మకం లేదు, అయినా ఒక బీము ఇచ్చాడు. మునుపు ఒక్క రోజు పని. ఇప్పుడు మూడు రోజులు పట్టింది. మొదటి రోజు బొటనవేలు వాచింది. రెండో రోజు వాపు మీదే చేశాను. మూడో రోజు సాయంత్రం కల్లా నాలుగు వేల ముళ్లూ అయ్యాయి. మగ్గం నడిపే అతను మీట నొక్కాడు. ముళ్లన్నీ ఒక వరుసగా ముందుకు కదిలి, ఇనుప పళ్ల మధ్య నుంచి దూరి అవతలికి పోయాయి. ఆరు తెగాయి. ఆరూ మళ్లీ కలిపాను. సేటు గుడ్డను వెలుగుకు పట్టి చూసి, రెండో బీము వైపు చెయ్యి చూపించాడు.

ఇంటికి పోతే అవ్వ గుమ్మంలోనే ఉంది. నా ఎడమ చెయ్యి పట్టుకుని మణికట్టు వంచింది. అక్కడ ఏమీ లేవలేదు. మెత్తగా, చదునుగా, అచ్చం ఆమె చేతిలాగే ఉంది. తన మణికట్టు పక్కన పెట్టి చూసుకుంది. తర్వాత వాచిన నా కుడి బొటనవేలు తన అరచేతిలోకి తీసుకుంది. "వంచు" అన్నది. వంచాను. కొస వంగి ఆమె అరచేతికి తగిలింది. ఇంకోసారి అన్నది. ఇంకోసారి వంచాను.

"ఈ ఊరికి వచ్చిన కాడ్నించి ఒక్క పోగు అతకలే" అన్నది. "సచ్చినంక దొరికింది మీ బాపుకు పని."

నవ్వుతోందనుకున్నాను. బాపు పోయిన ఇన్నేళ్లలో అవ్వ ఆయన కోసం ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.